శనివారం బార్‌ల ఫ్రీగ వాయిస్తున్నం, ఇప్పుడు డ్రమ్మర్ మాట్లాడుతలేడు

ఈసారి ఉత్తరం నల్లగొండ నుంచి వచ్చింది. పేరు వద్దన్నడు, ఊరు రాసినా పర్లేదన్నడు. చానా పెద్దగ రాసిండు, రాత్రి పూట ఫోన్ల టైప్ చేసినట్టున్నది, ఎక్కడ కూడ ఫుల్‌స్టాప్ లేదు, అందుకే నేనే జర కుదించి చెప్తున్న.

అబ్బాయికి 27 ఏండ్లు. పగలు ఒక ఫైనాన్స్ ఆఫీసుల కలెక్షన్ ఉద్యోగం. డిగ్రీల దోస్తులు నలుగురు కలిసి ఒక బ్యాండ్ పెట్టుకున్నరు, ఈయన పాడతడు గిటార్ వాయిస్తడు, ఇంకొకాయనది కీబోర్డు, ఇంకొకాయనది బేస్ గిటార్, నాలుగో ఆయన ప్యాడ్ వాయిస్తడు, అందరు డ్రమ్మర్ అనే పిలుస్తరట. మిర్యాలగూడ రోడ్డు దిక్కు ఒక బార్ అండ్ రెస్టారెంట్ ఉంది, వెనక రేకుల షెడ్డు, దానిముందు ఓపెన్ జాగ. ఓనరు ఈ అబ్బాయి నాయినకు క్లాస్‌మేట్, బాబాయ్ అని పిలుస్తడు. మూడేండ్ల కింద నాయిన పోయినప్పుడు పాడె మోసిన నలుగురిల ఆయన ఒకడు. ఎనిమిది నెలల కింద ఆయనే పిలిచి "కొన్ని రోజులు ఫ్రీగ వాయించుర్రి, జనం అలవాటైతే అప్పుడు చూద్దాం, మీకు కూడ పబ్లిసిటీ వస్తది" అన్నడట. అప్పటిసంది ప్రతి శనివారం వాయిస్తున్నరు. రెండు ప్లేట్ల చిల్లీ చికెన్, తాగినన్ని బీర్లు, అప్పుడప్పుడు బిర్యాని, అంతే, రూపాయి లేదు.

ఇప్పుడు బార్ ముందట "ప్రతి శనివారం లైవ్ మ్యూజిక్" అని ఫ్లెక్సీ పడ్డది, ఓపెన్ జాగల కొత్తగ ఆరు టేబుళ్ళు పడ్డయి. డ్రమ్మర్‌కు నకిరేకల్‌ల ఒక రిసెప్షన్‌కు 2,500కు పిలుపొస్తే "శనివారం కదరా, బాబాయ్ ఎవరినో గెస్టులను పిలిచిండు, ఎట్ల పోతవ్" అని ఈయన ఆపిండు, ఆ రోజు ఇద్దరికి మాట మాట పెరిగింది, మూడు వారాల సంది డ్రమ్మర్ వస్తలేడు, ఫోన్ ఎత్తుతలేడు, మొన్న వాట్సాప్ స్టేటస్‌ల తన ప్యాడ్ ఫోటో పెట్టి "అమ్మబడును" అని రాసిండట. ఇది చాలదన్నట్టు రెండు వారాల కింద రాత్రి 10:40కి పెట్రోలింగ్ వాళ్ళు వచ్చి సౌండ్ ఏందని అడిగితే, బాబాయ్ "పోరగాళ్ళు వాళ్ళే వచ్చి వాయిస్తున్నరు సార్, మాకేం సంబంధం లేదు" అన్నడు. పోయిన వారం ఇంకో మాట, ఇంజనీరింగ్ కాలేజ్ పిల్లల బ్యాండ్ ఒకటి దొరికింది, వాళ్ళు కూడ ఫ్రీయే, పైగా 30 మంది క్లాస్‌మేట్లను తీసుకొస్తరు, ఇగ వారం విడిచి వారం వాయించుర్రి అని. ఇంట్ల అమ్మకు మాత్రం "ఫంక్షన్ ప్రోగ్రాం ఉంది" అని చెప్పి పోతున్నడు, ఎందుకంటే చెల్లెకు హాలియా సంబంధం ఒకటి మాటల మీద ఉన్నది, అన్న బార్‌ల పాడతడని తెలిస్తే ఏమైతదో అని భయం.

"అక్కా, పైసలు అడగాల్నా, మానెయ్యాల్నా, అడిగితే బాబాయ్ ఏమనుకుంటడు, డ్రమ్మర్‌ను మల్ల ఎట్ల తెచ్చుకోవాలె, అమ్మకు చెప్పాల్నా వద్దా" అని అడిగిండు.

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి చదివినప్పుడు నాకు కూడ మీ బాబాయ్ మీదనే కోపం వచ్చింది, నువ్వు రాసుడే అట్ల రాసినవ్ మరి. రెండోసారి చదివేటప్పుడు ఎవరి గురించి ఎంత రాసినవో చూసిన. బాబాయ్ గురించి ఫోన్ల మూడు స్క్రీన్లు. డ్రమ్మర్ గురించి ఆరు లైన్లు. ఇంకొకాయన ఉన్నడు, ఆయన గురించి ఒకటే లైన్, ఆయన కాడికి తర్వాత వస్త.

ముందు బాబాయ్ సంగతి తీసేద్దాం, ఎందుకంటే నీకు అదే పెద్దగ కనపడుతున్నది గని నిజానికి అది చిన్నది. ఆయన వ్యాపారస్తుడు. ఆరు టేబుళ్ళు ఎక్కువైనయి అన్నవ్ గదా, ఒక్కో టేబుల్ మీద తక్కువల తక్కువ 1,500 అనుకో, ఒక్కసారే నిండినయనుకున్నా రాత్రికి 9,000 ఎక్కువ గల్లా. అదంతా లాభం కాదు, మందు మీద మార్జిన్ ఎంతుంటదో ఆయనకే తెలుసు, గని స్టఫ్ మీద, అంటే మందుల నంచుకునే తిండి మీద మాత్రం మంచిగనే మిగులుతది. అంటే మీ నలుగురికి కలిపి మూడు వేలో నాలుగు వేలో ఇచ్చినా ఆయన కొంప ఏం మునగదు. అయినా ఆయన మోసం చేసిండు అని నేననను. "చూద్దాం" అన్నడు. మన దిక్కు "చూద్దాం" అంటే ఏందో నీకు తెల్వదా? సంబంధం వద్దనుకున్నోళ్ళు చూద్దాం అంటరు, అప్పు ఇయ్యనోళ్ళు చూద్దాం అంటరు. ఎప్పుడు చూద్దాం బాబాయ్, దసరాకా, సంక్రాంతికా అని ఆ రోజే అడిగితే అయిపోయేది. ఎందుకు అడగలేదో నీ ఉత్తరంలనే ఉన్నది, పాడె మోసిండు అని రాసినవ్ చూడు, అందుకే అడగలేదు.

ఆ బాకీ నాకు అర్థమైతది. నాయిన పోయిన ఇంట్ల నాలుగు రోజులు ఎవరు వచ్చి కూసున్నరో బతికున్నన్ని రోజులు యాదికుంటది. గని తమ్ముడూ, అది నీ బాకీ. దాన్ని నువ్వు నీ శనివారాలతోని తీర్చుకో, ఎవరొద్దంటరు. నువ్వు డ్రమ్మర్ శనివారాలు పెట్టి తీర్చినవ్. ఆయన నాయిన పాడె కాదు గదా మీ బాబాయ్ మోసింది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు నలుగురు ఫ్రీగ వాయిస్తున్నం అంటున్నరు గని నలుగురికి ఆ ఫ్రీ ఒక్క తీరు లేదు. నీది చూద్దాం. నువ్వు పాడేటోనివి, ముందల నిలబడేటోనివి. ఈ ఎనిమిది నెలలల ఇన్‌స్టాల నీకు నాలుగు వేల మంది అయిన్రు అని నువ్వే రాసినవ్. రెండు కాలేజ్ ఫంక్షన్లకు నిన్ను పేరు పెట్టి పిలిచిన్రు, పోయినవ్, మూడు మూడు వేలు ఇచ్చిన్రు. ఎవరెవరు పోయిన్రు? "ట్రాక్ పెట్టుకొని నేనొక్కడినే పోయిన అక్కా, వాళ్ళ బడ్జెట్ అంతే ఉండే" అని రాసినవ్. అంటే బాబాయ్ చెప్పిన పబ్లిసిటీ నిజంగనే వచ్చింది, కాకపోతే నీ ఒక్కనికి వచ్చింది.

ఇగ డ్రమ్మర్‌ది. పగలు ప్లంబింగ్ పని. ఐదు నెలల బిడ్డ. ప్యాడ్ కిస్తుల మీద కొన్నడు, నెలకు 2,150, ఇంకా 11 కిస్తులు ఉన్నయి. మందు ముట్టడు. అంటే మీకు ఇచ్చే జీతం బీర్ల లెక్కల ఉంటే ఆయనకు సగం ప్లేటు చిల్లీ చికెన్ వస్తున్నది అన్నట్టు. పెండ్లి ముహూర్తాలు ఉన్న నెలలల శనివారం రాత్రి ఆర్కెస్ట్రావాళ్ళకు బంగారం లెక్క, రిసెప్షన్లు సంగీత్‌లు అన్ని అప్పుడే, మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా రెండు మూడు నెలలు ఖాళీగ కూసోవాలె, కాబట్టి ఉన్న శనివారాలే ఏడాదికి సరిపోవాలె. మా మేనమామకు దేవరకొండల టెంట్‌హౌజ్, సౌండ్ సిస్టం ఉండేది, ఆషాఢం వస్తే మా అత్త ఇంట్ల కూరగాయలు కూడ లెక్క పెట్టి కోసేది, అందుకే చెప్తున్న. నకిరేకల్ రిసెప్షన్ 2,500 అంటే ఒక నెల కిస్తు పోను ఇంకా పాల డబ్బాకు మిగులుతయి. దాన్ని నువ్వు ఆపినవ్. ఆపి, ఆ రాత్రి నువ్వు పాడినవ్, ఆ వీడియోకు చానా లైకులు వచ్చినయి అని కూడ రాసినవ్.

ఆయన అలిగిండు అని నువ్వు అనుకుంటున్నవ్. నాకట్ల అనిపిస్తలేదు. అలిగినోడు తిడతడు, తాగి ఫోన్ చేస్తడు, గ్రూపుల నుంచి ఎగ్జిట్ అయితడు. ఈయన ప్యాడ్ అమ్మకానికి పెట్టిండు. ఆ స్టేటస్ నువ్వు చూసినవ్, చూసినట్టు ఆయనకు కూడ కనపడ్డది, అయినా నువ్వు ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఎత్తుతలేడు అన్నది దానికి ముందు సంగతి. స్టేటస్ చూసినంక ఒక్కసారన్నా ఇంటికి పోయినవా?

పబ్లిసిటీ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోత. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య, 12 మెట్ల కిన్నెర వాయించే పెద్దమనిషి, 2022ల పద్మశ్రీ వచ్చింది, సినిమాల కూడ పాడిండు, తెలుగోళ్ళల తెల్వనోళ్ళు లేరు. అదే మనిషి 2024ల కూలి పనికి పోతున్నడని పేపర్లల ఫోటోలతోని వచ్చింది. అంతకన్నా పెద్ద పబ్లిసిటీ నల్లగొండ బార్ ముందల ఫ్లెక్సీతోని వస్తదా? పేరు వస్తే పైసలు వాటంతట అవే వస్తయి అనేటోళ్ళు ఎక్కువమంది పైసలు ఇయ్యాల్సినోళ్ళే ఉంటరు, గమనించు.

అట్లని ఫ్రీగ పాడుడే తప్పని నేననను. మన ఉమ్మడి జిల్లా గడ్డ మీద సుద్దాల హనుమంతు అసొంటోళ్ళు సాయుధ పోరాటం రోజులల ఊరూరు తిరిగి పాడింది పైసల కోసం కాదు. గని ఆ పాట మీద ఎవడూ గల్లా పెట్టె తెరిచి కూసోలేదు. ఇంకో పద్ధతి కూడ మన దగ్గర ఉన్నది, పద్మశాలీలకు కూనపులోళ్ళు బొమ్మల పటం కట్టి మార్కండేయ పురాణం చెప్తరు గదా, ఆ కథ చెప్పినోళ్ళకు కులం ఇచ్చేదాన్ని త్యాగం అంటరు. పేరు త్యాగమే గని అది దానం కాదు, హక్కు, మా మిరాశి అని అడిగి తీసుకుంటరు. చదువు లేని రోజులల కూడ పాటకు ఏం రావాలెనో ముందుగాలనే తెలిసి ఉండేది. మీ కాడ అది లేదు, బీర్లు వస్తే బీర్లు, బిర్యాని వస్తే బిర్యాని, అది కూడ ఆ రోజు బాబాయ్ మూడ్‌ను బట్టి.

సరే, ఇప్పుడు ఏం చెయ్యొచ్చో చూద్దాం, ఇది నిజం చూద్దామే.

పైసలు అడగొచ్చు. అడిగితే శనివారం రాత్రి షో అయినంక గ్లాసు చేతిల పట్టుకొని అడగకు, ఆ టైంల అడిగిన మాట తెల్లారితే ఎవరికీ యాదికుండదు. మామూలు రోజు పొద్దున 11 గంటలకు, గిరాకి రాకముందు, మీరు ముగ్గురో నలుగురో కలిసి పోయి అడుగు. ఒక్కడివే పోతే కొడుకు లెక్క మాట్లాడతడు, నలుగురు పోతే బ్యాండ్ లెక్క మాట్లాడతడు. నెంబర్ నువ్వే చెప్పు, "మీకు తోచింది ఇయ్యి బాబాయ్" అన్నవో 500 చేతిల పెట్టి వీపు తట్టి పంపిస్తడు. రాత్రికి నాలుగు వేలు, ఏడున్నర నుంచి పదింటికి పావు తక్కువ దాకా, తిండి వేరే, నెలకు రెండు శనివారాలు. బేరం ఆడి రెండు వేల ఐదు వందలకు వస్తే ఒప్పుకోవచ్చు, అది మీరు నలుగురు ముందుగాలనే అనుకొని పోవాలె. ఒక ముచ్చట మాత్రం గట్టిగ పెట్టుకో, ఆయన కుదరదు అంటే నిజంగనే మానేస్తా అనే ధైర్యం ఉంటేనే అడుగు. అడిగి, కాదనిపించుకొని, మల్ల వచ్చే శనివారం గిటార్ పట్టుకొని పోతే ఇగ జీవితంల ఆయన కాడ మీ రేటు సున్నానే. ఆయన మనసు కష్టపెట్టుకుంటడా అంటే, పెట్టుకుంటడు. మీ అమ్మకు ఫోన్ చేసి "నీ కొడుకు పెద్దోడైండమ్మా" అని ఒక మాట వేస్తడు కూడ. అది కూడ లెక్కల వేసుకొనే పో.

రెండోది, నీకు నిజంగ ఆ మనిషి మీద అభిమానం ఉన్నది, అక్కడ పాడుడు ఇష్టం, పైసల మాట నోటికి రాదు అనుకుంటే, నెలకు ఒక్క రోజు నువ్వొక్కడివే గిటార్ పట్టుకొని పోయి పాడు. బ్యాండ్ పేరు లేకుండ. అది నీ నాయిన దోస్తుకు నువ్వు ఇచ్చేది. దీంతోని వచ్చే నష్టం ఏందంటే ఆయన ఫ్లెక్సీ తియ్యడు, ప్రతి శనివారం అనే ఉంచుతడు, ఇంకో ఫ్రీ గిరాకిని వెతుకుతడు. ఉన్నరు గదా పిల్లలు. నీకు నిమ్మళం మాత్రం ఉంటది.

స్టేజ్ కాడ క్యూఆర్ కోడ్ పెట్టుకుంటం అక్కా అని రాసినవ్. పెట్టొచ్చు, కొన్ని రాత్రులు మంచిగనే వస్తయి. గని బార్‌ల 50 రూపాయలు కొట్టినోడు ఫోన్ ఎత్తి స్క్రీన్ చూపించుకుంట వచ్చి "అన్నా పైసలు కొట్టిన, ఆ పాట మల్ల పాడు" అంటడు, నాలుగోసారి కూడ అంటడు. మీరు సొంతంగ రాసుకున్న మూడు పాటలు ఉన్నయన్నవ్, ఎనిమిది నెలలల అక్కడ ఒక్కసారే పాడిన్రు, అది కూడ మధ్యల ఆపి డీజే పాట అడిగిన్రు, టీవీల మ్యాచ్ సౌండ్ కూడ తగ్గియ్యలేదు అన్నవ్. క్యూఆర్ పెడితే ఆ మూడు పాటలు ఇగ ఇంట్లనే. దీనికి బాబాయ్ కూడ ఖుషీగ ఒప్పుకుంటడు, ఎందుకంటే ఆయన జేబుల నుంచి పోయేది ఏం లేదు. అందుకే నాకు ఈ ఉపాయం పెద్దగ నచ్చలేదు, నీ ఇష్టం మరి.

మానెయ్యొచ్చు కూడ. మానేస్తే ఫస్ట్ నెల శనివారం సాయంత్రం ఏడింటికి చేతులు కాళ్ళు ఆడవు, ఊరికే బండేసుకొని గడియారం సెంటర్ దిక్కు పోయి ఛాయ్ తాగి వస్తవ్. తర్వాత సంగీత్‌లు, బర్త్‌డేలు, గణేష్ నవరాత్రులల మండపాలు, ఇట్ల బయట పని వెతుక్కోవాలె, అది దొరకడానికి టైం పడుతది, అక్కడ కూడ మీ సొంత పాటలు ఎవరూ అడగరు. బార్‌ల ఉన్న ఒక్క సుఖం ఏందంటే తప్పు పోయినా ఎవడూ పట్టించుకోడు, ఎనిమిది నెలలు మీకు అది ఫ్రీ ప్రాక్టీస్ రూం లెక్క పనికొచ్చింది, అది కాదనలేం.

ఏం చేసినా పోలీసుల సంగతి మాత్రం తేలిగ్గ తీసుకోకు. "మాకేం సంబంధం లేదు" అన్న మాట విన్నప్పుడు నీకు బాధైంది అని రాసినవ్, నాకైతే భయం వేసింది. 2000 సంవత్సరంల వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకులు, సౌండ్ బాక్సులు పెట్టుడే లేదు, నాలుగు దిక్కులా మూసి ఉన్న హాలుకైతే వేరే, మీది రేకుల షెడ్డు, ముందర ఓపెన్. పండుగలకని ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇస్తే కూడ ఏడాదికి 15 రోజులు దాటొద్దు, మీ శనివారాలు ఆ లెక్కల రావు. పగలైనా మైకు పెట్టాలంటే రాతల పర్మిషన్ ఉండాలె. బాక్సులు నీ పేరు మీద ఉన్నయి, తీసుకపోతే నీ బాక్సులే తీసుకపోతరు. ఇంకోటి, పెండ్లి ఊరేగింపుల సినిమా పాట వాయిస్తే కాపీరైట్ చట్టంలనే మినహాయింపు ఉన్నది, బార్‌కు అది లేదు. అక్కడ లైవ్‌ల సినిమా పాటలు పాడాలంటే లైసెన్స్ తీసుకోవాలె, పాటలు రాసినోళ్ళ, బాణీ కట్టినోళ్ళ తరఫున ఐపీఆర్‌ఎస్ అని 1969 నుంచి ఒక సంస్థ ఉన్నది, వాళ్ళు ఇస్తరు. లాభం కోసం జాగ ఇచ్చినాయన మీదికి కూడ ఆ చట్టం వస్తది. కాబట్టి వాయించుడు కొనసాగిస్తే పర్మిషన్, లైసెన్స్ రెండు బాబాయ్ పేరు మీదనే ఉండాలె, పదింటికి పావు తక్కువకు బంద్ అని చెప్పు. ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసుకొని ఇద్దరు సంతకం పెట్టుకోండి, కనీసం వాట్సాప్‌లనన్న ఆయనతోని "సరే" అనిపించుకో. బాబాయ్‌తోని కాగితాలేంది అనిపిస్తది. పెట్రోలింగ్ ముందల ఆయన నిన్ను కొడుకు అనలేదు గదా.

కాలేజ్ పిల్లల మీద కోపం పెట్టుకోకు. వాళ్ళకు 19, 20 ఉంటయేమో, మన రాష్ట్రంల 21 నిండకుండ మందు పొయ్యొద్దు, వాళ్ళకు బీర్లు జీతంగ ఇస్తే ముందు ఇరుక్కునేది బాబాయ్, తర్వాత ఆ పిల్లల అమ్మానాయినలకు తెలిస్తే అదొక గొడవ. వాళ్ళను పిలిచి ఛాయ్ తాపి మేము ఇంత అడుగుతున్నం, మీరు కూడ అంతే అడగండి అని చెప్పు. వింటరా? సగం సగం. నీకు ఎనిమిది నెలల కింద ఎవరన్నా చెప్తే విన్నవా?

ఇక్కడనే ఆ మూడో మనిషి వచ్చిండు. నీ ఉత్తరం మధ్యల ఎక్కడనో ఒక లైన్ రాసి పోయినవ్, "మాకంటే ముందు ఒక పెద్దాయన కీబోర్డు వాయించేది, పాత పాటలు, రాత్రికి 800 ఇచ్చేదంట, మేము వచ్చినంక ఆయన రావుడు బంద్ చేసిండు." బంద్ చేసిండు అని రాసినవ్ తమ్ముడూ. ఆయన బంద్ చేసిండా, నలుగురు ఫ్రీగ దొరికినంక బాబాయ్ బంద్ చేయించిండా? నువ్వు కావాలని చేసినవ్ అనట్లేదు, నీకు అప్పుడు తట్టకపోయి ఉంటది. గని ఇయాల ఇంజనీరింగ్ పిల్లలు నీకు ఏం చేస్తున్నరో నువ్వు అది ఎనిమిది నెలల కిందనే ఒకాయనకు చేసినవ్. ఆయనది నెలకు 3,200 పోయింది. ఎక్కడుంటడో కనుక్కొని ఒకసారి పోయి కలువు. సారీలు గీరీలు చెప్పమంటలేను, ఊరికే కలువు. బాబాయ్ కాడ ఎట్ల బేరమాడాలెనో ఆయనకు తెలిసినంత నాకు కూడ తెల్వదు, నాలుగు మాటలు చెప్తే మీకే పనికొస్తది.

అమ్మ సంగతి. నల్లగొండ ఎంత పెద్దగున్నదని తమ్ముడూ, ఫ్లెక్సీ పడి, ఇన్‌స్టాల నాలుగు వేల మంది చూసినంక హాలియా వాళ్ళకు తెల్వకుండ ఉంటదా. వాళ్ళ నోటి నుంచి అమ్మ వినుడు కన్నా నీ నోటి నుంచి వినుడు మేలు. తిడతది, రెండు రోజులు మాట్లాడది. పాడుడు నామోషీ కాదని నీకు తెలుసు గని, పెండ్లి చూపుల ఇంట్ల అమ్మకు అది చెప్పి ఒప్పియ్యాలంటే కష్టం, ఆమె భయం ఆమెది. "నెలకు రెండు రోజులు, తాగను, పైసలు తీసుకొని పాడతా" అని చెప్పగలిగితే ఆమె నలుగురికి చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతది. తాగను అన్నది నిజమైతేనే చెప్పు.

డ్రమ్మర్ గురించి మాత్రం నేను ఆప్షన్లు చెప్పను. బ్యాండ్‌లకు మల్ల రా అని అడగడానికి పోకు, దానికి పోతే ఆయనకు ఇంకా మండుతది. పోయి, నకిరేకల్ పోనియ్యకపోవుడు నాది తప్పు అని చెప్పు, కాలేజ్ ఫంక్షన్లకు ట్రాక్ పెట్టుకొని పోయిన సంగతి కూడ నువ్వే తీయి, ఆయనకు తెల్వదనుకోకు. ఆ ఆరు వేలల ఆయన భాగం ఇయ్యాల్నా అంటే నేనైతే ఇస్త. పైసలు చేతుల పెడితే మొఖాన కొట్టినట్టు ఉంటది అనుకుంటే రెండు కిస్తులు కట్టు, ప్యాడ్ అమ్ముడు ఆగుతది. ఆగి కూడ ఆయన మీతోని వాయించకపోవచ్చు, ఆర్కెస్ట్రాలకే పోతా అనొచ్చు, ఆయన ఇల్లు ఆయన చూసుకోవాలె గదా, అప్పుడు ఇంకో ప్యాడ్ మనిషిని వెతుక్కో, ఆయనను దోస్తు లెక్క ఉంచుకో.

ఇంకొకటి మర్చిపోయిన. బాక్సులు రెండు 38,000 పెట్టి కొన్నవ్, అవి బార్ స్టోర్ రూంల ఉంటయి, తాళం మేనేజర్ దగ్గర ఉంటది అన్నవ్. నీ సామాను ఆయన గదిల పెట్టుకొని ఆయనతోని బేరానికి కూసుంటవా? పైసల మాట ఎత్తకముందే ఒక రోజు పొద్దున పోయి, సర్వీసింగ్‌కు ఇయ్యాలె అని చెప్పి ట్రాలీ ఆటో మాట్లాడుకొని ఇంటికి తెచ్చుకో. ఇద్దరు పట్టుకుంటే గని లేవవు అని రాసినవ్, డ్రమ్మర్ పట్టుకునేది అటు దిక్కు అని కూడ రాసినవ్. ఆయన ఇంటికి పోయేది అంతకుముందే పెట్టుకో.